‘నీల’ను ‘నేల’గా చదివే ఊళ్లో

మా చెల్లెలికి ఏడో నెల వచ్చినప్పుడు జర్మనీలో ఆస్పత్రివాళ్లు ఒక కాగితం ఇచ్చారు. బిడ్డ పుట్టగానే నింపి ఇవ్వాల్సిన కాగితం అది. అందులో పేరు కోసం రెండు గళ్లున్నాయి. ఒకటి బిడ్డ పేరుకు, రెండోది కుటుంబం పేరుకు. చెల్లెలు దాన్ని ఫోటో తీసి చెన్నై పురసవాక్కంలో ఉన్న మాకు పంపింది. మొదటి గడి కోసం మా ఇంట్లో అప్పటికే ఒక నోటుపుస్తకం నిండింది. రెండో గడి దగ్గర అందరం ఆగిపోయాం. ‘ఇందులో ఆలోచించడానికి ఏముంది, మీ అత్తగారింటి ఇంటిపేరు రాయండి’ అంది అమ్మ. ‘ఆ ఇంటిపేరు ఆయన పాస్‌పోర్టులోనే లేదమ్మా’ అంది చెల్లెలు.

విదేశంలో పుట్టే బిడ్డకు పేరు వెతకడమంటే అక్కడివాళ్ల నోరు తిరిగే చిన్న మాట ఒకటి పట్టుకోవడమేనని చాలామంది అనుకుంటారు. ఆ వెతుకులాటలో నెలలు గడిచిపోతాయి. తీరా చిక్కు వేరేచోట వస్తుంది. పేరు అనే ఒక్క మాట కింద మనం నాలుగింటిని కలిపేస్తాం. నోటితో పిలిచే పిలుపు, వంశం చెప్పే ఇంటిపేరు, కాగితం మీద ఉండే స్పెల్లింగు, పుట్టిన నక్షత్రం అడిగే అక్షరం. పిలుపు బిడ్డ చెవిది. ఇంటిపేరు విషయంలో తాతముత్తాతల మాటతోపాటు ఆ దేశపు చట్టం మాట కూడా చెల్లుతుంది. స్పెల్లింగు చదివేది ముక్కూమొహం తెలియనివాళ్లు, యంత్రాలు. నక్షత్రాక్షరం చెప్పేది పురోహితుడు. ఈ నలుగురినీ ఒకే మాటతో మెప్పించబోతే ఎక్కడో ఒకచోట తేడా వస్తుంది. చెన్నై తెలుగువాళ్లకు ఈ సంగతి తెలియనిది కాదు. సముద్రం దాటకుండానే తరాలుగా ఇదే పనిలో ఉన్నాం.

ఎవరూ అడగని మూడో ప్రశ్న

నన్ను బడిలో చేర్చిన రోజున అక్కడి గుమాస్తా నాన్నను రెండు ప్రశ్నలు అడిగాడు. పిల్ల పేరు ఏమిటి, తండ్రి పేరు ఏమిటి. నాన్న పేరులోని మొదటి అక్షరం, పక్కన చుక్క, తర్వాత నా పేరు రాసుకున్నాడు. ఇంటిపేరు ఏమిటన్న మూడో ప్రశ్న ఆయనకు తోచలేదు. తమిళనాట అది ప్రశ్నే కాదు. హైదరాబాదులో పెరిగిన మా పెదనాన్న పిల్లల సర్టిఫికెట్లలో ఇంటిపేరు నిండుగా ఉంది. ఒకే తాత మనుమలం, కాగితం మీద ఒకరికొకరం ఏమీ కాము. ఆ రోజు తాను నోరు తెరిచి చెప్పి ఉండాల్సిందని నాన్న ఇప్పటికీ బాధపడతారు.

ఆ గుమాస్తాను తప్పుపట్టలేను. పైకి రెండు పద్ధతులూ ఒకేలా కనిపిస్తాయి. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక. తమిళులకు తండ్రి పేరు ముందు, సొంత పేరు వెనక. ముందుమాటను పొడి అక్షరంగా కుదిస్తే ఏది ఏమిటో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఎస్. రాధాకృష్ణన్ తిరుత్తణిలో పుట్టిన తెలుగువారు. ఆయన ‘ఎస్’ ఇంటిపేరు. నెల్లూరు జిల్లా సర్వేపల్లి నుంచి వచ్చింది. అందుకే ఆయన కుమారుడు, చరిత్రకారుడు, సర్వేపల్లి గోపాల్ అయ్యారు. సి.వి. రామన్ పేరులోని ‘సి’ ఇంటిపేరు కాదు, తండ్రి చంద్రశేఖరన్ పేరు. రామన్ అన్నగారు సుబ్రహ్మణ్య అయ్యర్ తన కొడుకుకు తాతగారి పేరు పెట్టుకున్నారు. ఆ పిల్లవాడు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, తర్వాత శ్వేతకుబ్జ నక్షత్రాల ద్రవ్యరాశికి హద్దు లెక్కగట్టిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. 1930లో నోబెల్ అందుకున్న బాబాయి రామన్, 1983లో అందుకున్న అన్న కొడుకు చంద్రశేఖర్. పాశ్చాత్యుల లెక్కలో ఈ ఇద్దరికీ ఉమ్మడి ఇంటిపేరే లేదు. మనకు మాత్రం తాత పేరు మనుమడిలో తిరిగి వినిపిస్తోంది.

ఇంటిపేరు ముందుండే మన పద్ధతి బయటి ప్రపంచంలో ఎలా తారుమారవుతుందో గణాంకశాస్త్రం చదివినవాళ్లకు బాగా తెలుసు. సి.ఆర్. రావు పూర్తి పేరు కల్యంపూడి రాధాకృష్ణ రావు. ఎనిమిదో సంతానం కాబట్టి దేవకికి ఎనిమిదోవాడైన కృష్ణుడి పేరు పెట్టారు. 1945 నాటి ఆయన పరిశోధనాపత్రం నుంచి వచ్చిన ఫలితం ఇవాళ ప్రపంచమంతటా ‘క్రామర్–రావు’ పేరుతో పాఠ్యపుస్తకాల్లో ఉంది. క్రామర్ వంశనామం. రావు గౌరవవాచకం. వంశనామమైన కల్యంపూడి ‘సి’ అనే ఒక్క అక్షరంలో ఒదిగిపోయింది. సత్య నాదెళ్ల ఇంకో దారి. అక్కడ ఇంటిపేరు నిలిచింది, కానీ ముందునుంచి చివరికి జరిగింది.

మన దేశపు పాస్‌పోర్టు దరఖాస్తు ‘సర్‌నేమ్’, ‘గివెన్ నేమ్’ అని రెండు గళ్లు ఇస్తుంది. పొడి అక్షరం రాస్తే చాలదు, విప్పి రాయాలి. చెన్నైలో పెరిగిన మేము విప్పితే బయటపడేది నాన్న పేరు. అలా నాన్న పేరు మాకు సర్‌నేమ్ అయింది. కొందరు ఇదంతా ఎందుకని సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేస్తారు. అమెరికా వీసా మీద అలాంటివాళ్ల సొంత పేరు వంశనామం స్థానానికి వెళ్లి, సొంత పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అనే మూడక్షరాలు పడతాయి. మొదటి పేరు తెలియదు అని వాటి అర్థం. 2022 నవంబరులో ఐక్య అరబ్ ఎమిరేట్స్ ఒకే మాట పేరున్న పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద వచ్చేవాళ్లను అనుమతించబోమని చెప్పింది. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే చాలునని తర్వాత సడలించింది. గడి ఖాళీగా వదలడమంత చేటు ఇంకొకటి లేదని నా గట్టి నమ్మకం.

మా చెల్లెలి సంగతికి వస్తాను. నెలనెలా పరీక్షలకు వెళ్లినప్పుడు నర్సు తలుపు తెరిచి ‘ఫ్రౌ’, అంటే శ్రీమతి, అంటూ మా నాన్న పేరు పెట్టి పిలిచేది. నాన్నను పేరుతో పిలిచిన మనిషి మా ఇంట్లో నాయనమ్మ ఒక్కతే. ఆమె పోయి పన్నెండేళ్లయింది. తర్వాత ఆ పేరు గట్టిగా పలికిన గొంతు ఆ నర్సుదే. చెల్లెలు ఈ సంగతి ఫోనులో చెప్పినప్పుడు నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మరిదిది కూడా మా కథే. పెరంబూరులో పెరిగిన తెలుగువాడు. అతని పాస్‌పోర్టులో సర్‌నేమ్‌గా ఉన్నది అతని తండ్రి పేరు. జర్మనీలో బిడ్డకు తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరి కుటుంబనామం వస్తుంది. 2025 మే 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టంతో ఇద్దరివీ కలిపి జంటపేరుగా పెట్టుకునే వీలు కలిగింది. తల్లిదండ్రులు వేరే దేశపు పౌరులైతే తమ దేశపు పద్ధతినే ఎంచుకుంటామనీ చెప్పవచ్చు. కానీ తల్లిదండ్రుల ఏ పత్రంలోనూ కనిపించని ఇంటిపేరును అక్కడి పేర్ల నమోదు అధికారి ముందు పెట్టి నిరూపించడం సులువు కాదు. ఇంగ్లండులో అయితే బిడ్డకు ఏ వంశనామం రాయించాలన్నది దాదాపుగా తల్లిదండ్రుల ఇష్టం. అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి నిబంధన మారుతుంది. కాబట్టి ఇంటిపేరు తర్వాతి తరానికి అందాలనుకునేవాళ్లు బిడ్డ పుట్టాక కాదు, పుట్టకముందే తమ పాస్‌పోర్టు సరిచేసుకోవాలి. పెళ్లికి ముందే చేసుకుంటే మరీ మంచిది. ఈ మాట మాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

తండ్రి పేరే పిల్లల ఇంటిపేరుగా నడిచే దేశం ఐరోపాలోనూ ఉంది. ఐస్‌లాండులో తండ్రి పేరుకు కొడుకైతే ‘సన్’, కూతురైతే ‘డోట్టిర్’ చేరుస్తారు. ప్రతి తరానికీ అది మారుతుంది. అక్కడి టెలిఫోన్ డైరెక్టరీ కూడా సొంత పేర్ల వరుసలోనే ఉండేది. మలేషియాలో భారతీయ సంతతివాళ్ల సొంత పేరుకూ తండ్రి పేరుకూ మధ్య కొడుకు, కూతురు అనే మలయ్ మాటల పొడి అక్షరాలు ఉంటాయి. ఆ రెండు దేశాల్లోనూ తండ్రి పేరు తండ్రి పేరుగానే నిలుస్తుంది. ఎక్కువ దేశాల్లో మాత్రం అది గడ్డకట్టి వంశనామమైపోతుంది. ఒక తాత పేరు మునిమనుమల దాకా నడుస్తుంది, ఆయన ముందటి వంశమంతా కాగితం మీదనుంచి చెరిగిపోతుంది.

మద్రాసు రేవు ఇలాంటివి ఎన్ని చూసిందో. 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరిన ‘ట్రూరో’ ఓడ ఇక్కడినుంచే బయలుదేరింది. నటాల్ చెరకుతోటల్లో పనికి ఒప్పందం మీద అలా వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. నాయుడు అన్న మాట అక్కడి రిజిస్టర్లలో చివర రెండు ‘ఓ’లతో ‘నాయిడూ’ అయింది. నూట అరవై ఏళ్లు దాటినా వాళ్ల ఇంటిపేరు అదే స్పెల్లింగుతో ఉంది. పరాయి గుమాస్తా కలం పోటు అంత లోతుగా దిగుతుంది.

నోరు, చెవి

మా నాయనమ్మ పేరు అలివేలు. రేషన్ కార్డులో అలమేలు. రెండూ తిరుచానూరు అమ్మవారివే. ‘అలర్‌మేల్ మంగై’, అంటే పువ్వు మీద కొలువైన తల్లి, అనే తమిళ మాట తెలుగు నోట అలివేలు మంగ అయింది. చెన్నైలో తెలుగు పేరు రోజూ ఇలాంటి ప్రయాణాలు చేస్తూనే ఉంటుంది. తమిళ లిపిలో ప, ఫ, బ, భ నాలుగింటికీ ఒకే అక్షరం. భరత్ పేరు ఆ లిపిలో రాసిన తర్వాత ‘పరత్’ అని చదివినా తప్పనలేం. నాయనమ్మ మాత్రం ఏ పేరుతో పిలిచినా పలికేది. ఇంట్లో అలివేలు, బయట అలమేలు. రెండూ తనవే అనుకుంది.

విదేశాల్లో మార్పు ఇంకొంచెం దూరం వెళ్తుంది. ఏ భాష ఏ ధ్వనిని మారుస్తుందో ముందే తెలుసుకోవచ్చు. జర్మన్‌లో ‘జే’ అక్షరానికి య ధ్వని. జయ అక్కడ ‘యాయా’ అవుతుంది. అచ్చుకు ముందొచ్చే ‘ఎస్’ను దాదాపు మన ‘జ’కు దగ్గరగా పలుకుతారు. సీత ‘జీతా’ అయిపోతుంది. ఫ్రెంచివాళ్లు ‘హెచ్’ పలకరు, హంస ‘అంసా’ అవుతుంది. వాళ్ల ‘సీహెచ్’ మన ‘ష’. చరణ్ ‘షరాన్’ అవుతాడు. స్పానిష్‌లో జయ ‘హయా’. అరబ్బీలో ప లేదు కాబట్టి పద్మ ‘బద్మ’. జపానువాళ్లకు ల, ర ఒకటే. అమెరికాలో రెండు అచ్చుల మధ్య ‘టీ’ పడితే డ లాగా మెత్తబడుతుంది, గీత ‘గీడా’ అవుతుంది. మన ళ, ణ గట్టు దాటవు. కళ, కల, కాల మూడూ ఇంగ్లీషులో ఒకటే స్పెల్లింగు. రమ, రామ కూడా అంతే.

అక్షరాలకంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఊనిక. తెలుగులో మాటలోని ప్రతి అక్షరం దాదాపు సమానంగా పలుకుతుంది. ఇంగ్లీషుకు ఒకచోట నొక్కితే తప్ప తోచదు. చివర ‘ఆ’ వచ్చే మూడక్షరాల పేరు కనిపిస్తే చాలామంది నడిమి అక్షరాన్ని నొక్కి సాగదీస్తారు. కమల ‘కమాలా’ అవుతుంది, సరళ ‘సరాలా’. మద్రాసులో పుట్టిన శ్యామలా గోపాలన్ తన కూతురికి పెట్టిన కమల అనే పేరును ఆ కూతురు అమెరికా ఉపాధ్యక్షురాలైన తర్వాత కూడా ఎందరో తప్పుగానే పలికారు. రెండక్షరాల పేర్లకు ఈ బాధ తక్కువ. విదేశాల్లోని మనవాళ్లు తార, మీర, లీల, రవి వంటివాటి వైపు మొగ్గడానికి అసలు కారణం ఇదే.

అలాగని సులువే కొలమానమైతే మంచిది కాదు. ఈ మధ్య పేర్ల జాబితాల్లో ఏ భాషకూ చెందనివి, అర్థం అడిగితే ‘సంస్కృతంలో ఏదో ఉందట’ అని చెప్పేవి చాలా కనిపిస్తున్నాయి. పరాయివాళ్ల నోటికి పది క్షణాలు తగ్గించడం కోసం బిడ్డ నోట్లో జీవితమంతా అర్థం లేని మాట పెట్టడం నాకు న్యాయంగా తోచదు. పలకడం నేర్పితే ఎవరైనా నేర్చుకుంటారు. బడిలో టీచరు రెండుసార్లు అడుగుతుంది, మూడోసారికి వచ్చేస్తుంది. నా కొలత వేరు. పేరు ఆ దేశపు నోట్లో పడి మారితే, మారిన రూపం కూడా వినడానికి బిడ్డకు బాధ కలగనిదిగా ఉండాలి. జయ యాయా అయినా ముద్దుగానే ఉంటుంది. గౌరి మాత్రం ఇంగ్లీషు చెవికి నెత్తురోడుతున్నదనే అర్థమిచ్చే మాటలా వినిపిస్తుంది. హర్షిత్, నిషిత్ వంటి పేర్లలో చివరి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు కలిసి ఒక బూతుమాట. పన్నెండేళ్ల పిల్లలు దాన్ని వదలరు. ఈ రెండో రకం మాత్రం నేను తప్పకుండా పక్కన పెడతాను.

మిగతా అర్థాల కోసం అంతగా కంగారుపడనక్కర్లేదు. ఉమ అంటే జపనీస్‌లో గుర్రం. కళను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఫిన్లాండులో చేప. లత స్పానిష్‌లో రేకుడబ్బా. ప్రపంచంలో వేల భాషలున్నప్పుడు ఏ రెండక్షరాలకైనా ఎక్కడో ఒక అర్థం ఉండే తీరుతుంది. బిడ్డ పెరిగే ఊరి భాష చూసుకుంటే చాలు.

ఆడామగా తేడా ఇంకో ముడి. ఆదిత్య, సూర్య, కృష్ణ అన్నీ ‘ఆ’తో ముగుస్తాయి కాబట్టి ఐరోపాలో అమ్మాయిల పేర్లుగా వినిపిస్తాయి. జర్మనీలో ఒకప్పుడు పేరు వినగానే బిడ్డ ఆడో మగో తెలియాలని అధికారులు పట్టుబట్టేవారు. భారతీయ మూలాలున్న ఒక కుటుంబం తమ పాపకు కిరణ్ అని పేరు పెడితే ఒప్పుకోలేదు. స్పష్టంగా ఆడపేరు ఇంకొకటి చేర్చమన్నారు. ఆ తల్లిదండ్రులు రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లారు. 2008 డిసెంబరు 5న న్యాయస్థానం వాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. అలాంటి రెండో పేరు తప్పనిసరి కాదంది. జర్మనీలో మన పేర్లకు దారి తెరిచిన ఆ తల్లిదండ్రులకు నేను మనసులోనే చాలాసార్లు నమస్కరించాను.

రెండు ‘ఈ’లు

మా నోటుపుస్తకంలో చివరికి మిగిలిన పేరు నీల. మాకు నీలిరంగు, నల్లనయ్య మేనిఛాయ. మా పక్కింటి తమిళ మామి విని ‘నిలా అంటే మాకు చందమామ’ అని మురిసిపోయింది. చెన్నై అలవాటు ప్రకారం నేను దీర్ఘానికి రెండు ‘ఈ’లు పెట్టి రాసి పంపాను. చెల్లెలు దాన్ని తన సహోద్యోగినికి చూపించి చదవమంది. ఆమె తడుముకోకుండా ‘నేలా’ అంది. జర్మన్‌లో రెండు ‘ఈ’లు పక్కపక్కన ఉంటే దీర్ఘమైన ‘ఏ’ ధ్వని వస్తుంది. ఒక్క ‘ఐ’ పెడితే ‘నీలా’ అని చక్కగా పలికింది.

ఇంత చిన్న విషయంలో బిడ్డ పిలుపే మారిపోతుంది. మన దక్షిణాదిన త అక్షరానికి ‘టీహెచ్’ రాస్తాం. గీత, లత, స్వాతి అన్నీ అలాగే. ఇంగ్లీషు నేలమీద ఆ రెండక్షరాలకు నాలుక పళ్లమధ్య పెట్టి పలికే ధ్వని ఉంది, లత ‘లాథా’ అవుతుంది. ‘టీ’ ఒక్కటే రాస్తే ‘లాటా’. రెండింటిలో ఏది దగ్గరో కుటుంబం నోటితో పలికి చూసుకోవాలి. స్పెల్లింగు ఎంత సున్నితమైన సంగతో తమిళనాడు ప్రభుత్వానికీ అనుభవమే. 2020 జూన్‌లో 1,018 ఊళ్ల పేర్ల ఇంగ్లీషు స్పెల్లింగులు మార్చి, విమర్శలు రాగానే కొద్దిరోజుల్లోనే ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది.

పొడవు సంగతి కూడా చూసుకోవాలి. పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే వరుసలో పేరంతటికీ కలిపి 39 స్థానాలే ఉంటాయి. మాటల మధ్య ఖాళీలు కూడా ఆ లెక్కలోవే. శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి లెక్కపెట్టండి. అక్షరాలే 39, విడదీసే గుర్తులతో కలిపి 42. మూడు పట్టవు. ఇద్దరు తాతల పేర్లనూ జంటగా కలుపుదామని చెల్లెలు మొదట ఆశపడింది. ఈ లెక్క చూసి మానుకుంది. కాలిఫోర్నియా వంటి చోట జనన పత్రంలో ఇంగ్లీషు ఇరవై ఆరు అక్షరాలు తప్ప పైన గీతలు, చుక్కలు చాలాకాలం ఒప్పుకోలేదు కాబట్టి దీర్ఘాన్ని గీతతో చూపించే పండితుల పద్ధతినీ నమ్ముకోలేం.

ఒకసారి నిర్ణయించాక అదే స్పెల్లింగు జనన పత్రంలో, పాస్‌పోర్టులో, భారత రాయబార కార్యాలయంలో ఇచ్చే దరఖాస్తులో అక్షరం తేడా లేకుండా ఉండాలి. విదేశంలో భారత పౌరులకు పుట్టిన బిడ్డ భారత పౌరసత్వం కోసం ఏడాదిలోగా అక్కడ నమోదు చేయించడం మరిచిపోకూడదు. ఇప్పుడు ఇక్కడ కూడా జనన పత్రానికి బరువు పెరిగింది. 2023 అక్టోబరు 1 నుంచి మన దేశంలో పుట్టినవాళ్లకు బడిలో చేరడం నుంచి పాస్‌పోర్టు దాకా అదే ఆధారం.

బారసాల ఎప్పుడు, కాగితం ఎప్పుడు

మనకు పదకొండో రోజో ఇరవై ఒకటో రోజో బారసాల. అమెరికా ఆస్పత్రుల్లో సాధారణంగా తల్లీబిడ్డలు ఇంటికి వెళ్లేలోపే కాగితం వచ్చేస్తుంది. జర్మనీలో పుట్టుకను వారంలో తెలియజేయాలి, పేరుకు నెల గడువుంది. ఇంగ్లండులో 42 రోజులు, స్కాట్లండులో 21. డెన్మార్క్‌లో ఆరు నెలలు. మన దేశంలో పుట్టుకను 21 రోజుల్లో నమోదు చేయిస్తే చాలు, పేరు తర్వాత చేర్పించవచ్చు. పిల్ల పుట్టాక నక్షత్రం చూసి, జాతకం రాయించి, అప్పుడు పేరు వెతుకుదామనుకునే కుటుంబాలు అమెరికాలో బాగా ఇబ్బంది పడతాయి.

దీనికి మన సంప్రదాయంలోనే దారి ఉంది. జన్మనామం వేరు, వ్యవహారనామం వేరు. 27 నక్షత్రాలకు ఒక్కోదానికి నాలుగు పాదాల చొప్పున 108 అక్షరాలు చెబుతారు. ఆరుద్ర మూడో పాదానికి ‘ఙ’, ఉత్తరాభాద్ర నాలుగో పాదానికి ‘ఞ’. ఈ అక్షరాలతో తెలుగులో ఏ మాటా మొదలు కాదు. బజారులో, బడిలో పిలుచుకునే పేరు ఈ అక్షరంతోనే మొదలవ్వాలని పట్టుబట్టనక్కర్లేదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? నక్షత్రనామాన్ని పళ్లెంలో రాసి బిడ్డ చెవిలో చెప్పుకోవచ్చు. కాగితం మీదికి వ్యవహారనామం ముందే సిద్ధం చేసుకోవచ్చు.

నక్షత్రం చూసేటప్పుడు ఒక్క పొరపాటు జరగకుండా చూసుకోవాలి. చంద్రుడు ఒక క్షణంలో ఏ నక్షత్రంలో ఉంటే భూమి మీద అందరికీ ఆ క్షణంలో అదే నక్షత్రం. కానీ చెన్నై పంచాంగంలో వేసిన గంటలు మన దేశపు గంటలు. నక్షత్రం సుమారు ఒక రోజు, పాదం సుమారు ఆరు గంటలు నడుస్తుంది. మా పాప జర్మనీలో చలికాలపు రాత్రి ఎనిమిదిన్నరకు పుట్టింది. మా అత్తయ్య పంచాంగం తీసి రాత్రి ఎనిమిదిన్నర దగ్గర వేలుపెట్టి అనూరాధ మొదటి పాదం, ‘నా’ అక్షరం అని చెప్పింది. చలికాలంలో జర్మనీ మనకంటే నాలుగున్నర గంటలు వెనక. అప్పటికి ఇక్కడ రాత్రి ఒంటిగంట. ఆ లెక్కన చూస్తే రెండో పాదం, ‘నీ’. ఆరు నెలల క్రితం నోటుపుస్తకంలో రాసుకున్న పేరుకు అక్షరం తనంతట తానే వచ్చి కలిసింది. అత్తయ్య కళ్లు తుడుచుకుంది. అలాస్కా, హవాయి పోను అమెరికాలో అయితే ఈ తేడా తొమ్మిదిన్నర గంటలనుంచి పదమూడున్నర గంటల దాకా ఉంటుంది, రెండు పాదాలు కూడా దాటిపోవచ్చు.

మొదటి గడిలో చెల్లెలు రెండు పేర్లు రాసింది. నీల, దాని పక్కన అలివేలు. రెండో గడిలో మరిది తండ్రి పేరు. ఇరవై ఒకటో రోజున పెరంబూరులో వాళ్లింటి హాల్లో పీట వేసి, ఇత్తడి పళ్లెంలో బియ్యం పోశారు. ఫోనును డబ్బాకు ఆనించి నిలబెట్టాను. అటువైపు చెల్లెలి ఒళ్లో పాప నిద్రపోతోంది. తన పేరు మనుమరాలి పేరు చివర ఉందని మామయ్యగారికి మరిది అప్పుడే చెప్పాడు. ఆయన ఒక్క క్షణం ఆగి, ‘మరి మా ఇంటిపేరు?’ అని అడిగారు. ఎవరమూ బదులు చెప్పలేదు. ఆయన వేలి ఉంగరం తీసి, బియ్యాన్ని అరచేత్తో చదును చేసి, ఏ కాగితంలోనూ లేని ఆ ఇంటిపేరును ముందు రాశారు. తర్వాత కాస్త ఎడం వదిలి, నీల అని రాశారు.